సిగరెట్టు మానినవారికి ఒళ్ళెందుకు వస్తుంది?

“శాస్త్రిగారూ, మావాడు సిగరెట్లు మానేశాడండీ. ఇప్పుడు వేప పట్టాడట. వేప మంచిదే కదండీ! ఆ చలవేనేమో, పిల్లవాడు కాస్త ఒళ్ళు కూడా చేశాడు” అని ఆ తల్లి సంబరంగా చెబుతుంటే నాకు ఒక క్షణం ఏమీ బోధపడలేదు. పక్కన కూర్చున్న కుమారుడు తల వంచుకొని, “వేప కాదమ్మా, వేప్” అన్నాడు.

గడచిన సంక్రాంతి దినాలలో మా ఇంట జరిగిన సంభాషణ ఇది. ఆ యువకునికి 34 ఏళ్ళు. ఇంగ్లండులో కంప్యూటరు ఉద్యోగం. పదేళ్ళపాటు రోజుకు పన్నెండు నుండి పదిహేను సిగరెట్లు కాల్చినవాడు. ఏడాది క్రితం వాటిని విడిచిపెట్టి, వేప్ అనే విద్యుత్ పరికరాన్ని ఆశ్రయించాడు. అప్పుడు 68 కిలోలు ఉన్నవాడు నా ఎదుట కూర్చున్ననాటికి 76 కిలోలకు చేరాడు. తల్లి ముఖంలో ఉన్న సంతోషం అతని ముఖంలో లేదు.

ఆమె లోపలికి వెళ్ళి మా ఇంటావిడతో మాటలలో పడిన తరువాత అతడు గొంతు తగ్గించి అసలు విషయం చెప్పాడు. “ఇక నావల్ల కాదండీ. చొక్కాలన్నీ బిగుతైపోయాయి. మళ్ళీ సిగరెట్టు మొదలుపెడితే ఆరు నెలలలో పాత బరువుకు వచ్చేస్తానని స్నేహితులు అంటున్నారు. ఆ పరికరం ఇక్కడ నిషిద్ధం కనుక అక్కడే వదిలి వచ్చాను. రెండు వారాలుగా ఏదీ లేదు. వీధి చివర బడ్డీకొట్టు దాటి రావడమే గగనమైపోతున్నది.”

అతడు చెప్పినది వాస్తవమే. మన దేశంలో 2019 సెప్టెంబరులో అత్యవసరాదేశం ద్వారాను, అదే ఏడాది డిసెంబరులో చట్టం ద్వారాను ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషిద్ధమైనాయి. అసలు సిగరెట్టు మాత్రం ప్రతి బడ్డీకొట్టులోను విడిగా ఒక్కొక్కటి చొప్పున దొరుకుతున్నది. బ్రిటనులో పరిస్థితి వేరు. అక్కడి వైద్య వ్యవస్థ సిగరెట్టు మానలేనివారికి ఈ పరికరాన్ని ఒక మెట్టుగా వాడుకొమ్మని చెబుతున్నది. 2023లో ఇంగ్లండు ప్రభుత్వం పది లక్షలమందికి వీటిని ఉచితంగా ఇచ్చే పథకాన్నికూడా ప్రకటించింది. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఎందరో ఈ మార్గం పట్టినవారే. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ తల్లిదండ్రులకు ఇదేమిటో తెలియక, కొందరు మందనుకొని, కొందరు మత్తుపదార్థమనుకొని నా వద్దకు వస్తున్నారు. అందువల్ల ఈ విషయాన్ని కొంత విపులంగా వ్రాయవలసివచ్చింది.

నేను చేసిన పొరపాటు

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవలెను. 1998 ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు నా వద్దకు వచ్చేవారు. ఎంతో ప్రయాసతో సిగరెట్లు మానారు. నాలుగు నెలలలో ఎనిమిది కిలోలు పెరిగారు. నేనప్పటికి నలభై ఏళ్ళలోపువాడను. గురుకులంలో నేర్చిన స్థౌల్య చికిత్స మీద నాకు మహా ధీమా ఉండేది. రాత్రి భోజనం మాన్పించి, వారానికి రెండు లంఘనాలు పెట్టి, నెయ్యీ తీపీ సమూలంగా నిషేధించాను. పైగా పొట్టను చూసి పరిహాసం కూడా చేశాను. మూడు వారాలకు ఆయన బరువు తగ్గిన మాట నిజమే. కాని ఆకలికి ఆగలేక చాటుగా మళ్ళీ సిగరెట్టు వెలిగించారు. అటుపైన నాకు ముఖం చూపించడానికి సిగ్గుపడి రావడం మానేశారు. కొన్నేళ్ళ తరువాత కాలి రక్తనాళాలు మూసుకుపోయి రెండు వేళ్ళు తీసివేశారని విన్నాను.

మనిషి ఒక బలమైన అలవాటుతో పోరాడుతున్న సమయంలోనే ఆకలితోకూడా పోరాడమని చెప్పడం వైద్యం కాదు. ఈ సంగతి నాకు ఆయనవల్ల తెలిసింది. ఆయనకు మాత్రం దానివల్ల ఏ మేలూ జరగలేదు.

బరువు ఎక్కడినుండి వస్తున్నది?

పొగాకులోని నికోటిన్ ఆకలిని అణచివేస్తుంది. మెదడులో ఆకలిని నియంత్రించే హైపోథాలమస్ అనే భాగం మీద అది పనిచేసే తీరును 2011లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకలలో నిరూపించారు. ఆకలిని అణచడమే కాక, విశ్రాంతిగా ఉన్నప్పుడుకూడా శరీరం కొంత ఎక్కువ శక్తిని ఖర్చు చేసేటట్లు ఇది చేస్తుంది. అంటే పొగ త్రాగే మనిషి తన సహజమైన బరువుకంటె తక్కువ బరువులో బలవంతంగా నిలిచి ఉంటాడన్న మాట. పొగ మానగానే అణచిపెట్టిన స్ప్రింగు లేచినట్లు శరీరం తన బరువుకు తాను వస్తుంది. కనుక ఆ పెరుగుదలలో కొంత భాగం రోగం కాదు, ఇంతకాలం ఎగవేసిన బాకీ.

మా శాస్త్ర దృష్టితో చూసినా అర్థం దగ్గరగానే ఉన్నది. పొగాకు కటు, తీక్ష్ణ, ఉష్ణ, రూక్ష గుణాలు కలది. అది రసనేంద్రియాన్ని మొద్దుబారుస్తుంది, వాతాన్ని రేపుతుంది, ధాతువులను ఎండగడుతుంది. అది తొలగిన తరువాత నాలుకకు రుచి, ముక్కుకు వాసన తిరిగివస్తాయి. పదేళ్ళుగా చప్పగా తోచిన ఆవకాయ మళ్ళీ ఘాటుగా తగులుతుంది. అమ్మ చేతి పులిహోర రెండోసారి వడ్డించుకోబుద్ధి అవుతుంది. రూక్షత తగ్గి కఫం, మేదస్సు పుంజుకొంటాయి.

ఇక చేతి సంగతి. రోజుకు పదిహేను సిగరెట్లంటే, ఒక్కొక్కటి పది దమ్ములనుకున్నా, చెయ్యి నూటయాభైసార్లు నోటి దగ్గరకు వెళుతుంది. పదేళ్ళు చేసిన పని ఆ చెయ్యి ఒక్కనాడు మానదు. సిగరెట్టు లేకపోతే బిస్కెట్టు, జంతిక, జీడిపప్పు పలుకు, ఏదో ఒకటి వెతుక్కుంటుంది. మన యువకుడు అక్కడ రాత్రివేళ పని చేస్తూ బంగాళాదుంప చిప్సు ఒక పొట్లం పూర్తి చేసేవాడట. అది ఆకలి కాదని అతనికీ తెలుసు.

ఎంత పెరగవచ్చునన్న ప్రశ్నకు ఒక అంచనా ఉన్నది. అనేక పరిశీలనలను కలిపి 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఏ మందూ వాడకుండా పొగ మానినవారు ఏడాదిలో సగటున 4.7 కిలోలు పెరుగుతారు. అందులో అధిక భాగం మొదటి మూడు నెలలలోనే వస్తుంది. కాని ఆ సగటు వెనుక మనుషులందరూ ఒకటి కాదు. నూటికి సుమారు 16 మంది బరువు తగ్గారు, 13 మంది పది కిలోలకు పైగా పెరిగారు. మీ పక్కింటాయన పెరిగినంత మీరూ పెరగవలెనన్న నియమమేమీ లేదు.

మరి వేప్ పట్టినవానికి నికోటిన్ అందుతూనే ఉన్నది కదా, బరువెందుకు పెరిగింది?

ఈ పరికరం నేటి రూపంలో 2003లో చైనా దేశపు ఔషధశాస్త్రజ్ఞుడు హోన్ లిక్ కల్పించినది. ఇందులో పొగాకు కాలదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే ద్రవాలలో నికోటిన్, సువాసన ద్రవ్యాలు కలిపి వేడిచేస్తే వచ్చే ఆవిరిని పీలుస్తారు. గ్లిజరిన్ తియ్యగా ఉంటుంది కనుక దానివల్లనే లావెక్కుతున్నామని కొందరి అనుమానం. రోజుకు రెండు మూడు మిల్లీలీటర్ల ద్రవంలోని శక్తి లెక్కకు వచ్చేది కాదు. అసలు కారణం నికోటిన్ మోతాదులో ఉన్నది. బ్రిటనులో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించిన నికోటిన్ అమ్మరాదు. మనవాడు ఆ 20తో మొదలుపెట్టి, ఉత్సాహంకొద్దీ రెండు నెలలలోనే 12కు, అక్కడినుండి 3కు దిగిపోయాడు. బరువు పెరిగిన నెలలేవో చెప్పమని అడిగితే సరిగ్గా ఆ నెలలే చెప్పాడు. అంటే బరువు పెంచినది పరికరం కాదు. నికోటిన్ పట్టు సడలుతున్నదనడానికి అది గుర్తు. నికోటిన్ కలిపిన చూయింగ్ గమ్ము వాడేవారిలోకూడా ఇంతే. గమ్ము ఉన్నన్నాళ్ళు బరువు కొంత ఆగుతుంది, అది మానిన తరువాత వస్తుంది. ఆ పెరుగుదల వాయిదా పడుతుందే గాని రద్దు కాదు.

కాఫీ చేసే మాయ

ఈ విషయం నాకు కొత్త, మీకూ కొత్తదే కావచ్చును. పొగాకు కాలినప్పుడు పుట్టే తారువంటి పదార్థాలు కాలేయంలోని ఒక ఎంజైమును ఉద్రేకపరుస్తాయి. కాఫీలోని కెఫీనును విరిచివేసేది ఆ ఎంజైమే. కనుక సిగరెట్టు త్రాగేవారి శరీరంలో కాఫీ త్వరగా ఖర్చైపోతుంది. సిగరెట్టు మానగానే, ఆవిరి పీల్చినా సరే, ఈ వేగం తగ్గిపోతుంది, ఎందుకంటే ఎంజైమును రేపినది పొగ, నికోటిన్ కాదు. అప్పుడు వెనుకటి మూడు కప్పుల కాఫీయే ఆరు కప్పులంత పని చేస్తుంది. గుండె దడ, చిరాకు, నిద్రలేమి. వీటినన్నిటినీ ‘సిగరెట్టు మానినందువల్ల వచ్చిన బాధ’ అని మనిషి పొరబడతాడు. నిద్ర చాలనివానికి మరునాడు తీపి మీద, వేపుడు మీద కోరిక పెరగడం అందరికీ అనుభవమే.

మనవాడు రోజుకు ఐదు కాఫీలు త్రాగుతున్నాడు. మొదటిరోజున నేను చేసిన చికిత్స ఇంతే: రెండు కాఫీలు చాలునన్నాను, రెండోది మధ్యాహ్నం రెండు గంటల లోపున. ఉబ్బసానికి థియోఫిలిన్ మాత్రలు వాడేవారు, మానసిక వ్యాధులకు క్లోజపిన్, ఓలంజపిన్ వంటి మందులు వాడేవారు సిగరెట్టు మానినప్పుడు ఆ సంగతి తమ డాక్టరుకు తప్పక చెప్పవలెను. అదే ఎంజైము కారణంగా ఆ మందుల మోతాదుకూడా ఎక్కువైపోవచ్చును.

బరువుకు భయపడి మళ్ళీ పొగ త్రాగవచ్చునా?

సన్నబడడానికి సిగరెట్టు అన్న ఆలోచన మన పిల్లలది కాదు. 1920లలోనే అమెరికాలో ఒక సిగరెట్టు కంపెనీ మిఠాయి ముట్టకుండా తమ సిగరెట్టు అందుకొమ్మని స్త్రీలకు ప్రకటనలు గుప్పించింది. వంద ఏళ్ళ క్రిందటి వ్యాపారపు మాట ఈనాటికీ మనవాళ్ళ నోట వినబడుతున్నది.

పొగ త్రాగేవారు సన్నగా ఉన్నా, నడుము చుట్టూ, ఉదరంలో అవయవాల చుట్టూ కొవ్వు చేరే స్వభావం వారిలో ఎక్కువ. చేతులు పుల్లలు, పొట్ట కుండ. ఇటువంటి దేహాలను మీరూ చూచి ఉంటారు. ఇక 2018లో అమెరికాలో వైద్యవృత్తిలో ఉన్న వేలమందిని దీర్ఘకాలం అనుసరించి చేసిన పరిశీలన ఒకటి వెలువడినది. పొగ మాని బరువు పెరిగినవారిలో మధుమేహ భయం కొన్నేళ్ళపాటు, ముఖ్యంగా ఐదు నుండి ఏడేళ్ళ వరకు, ఎక్కువైన మాట నిజం. ఆ తరువాత అది క్రమంగా తగ్గినది. కాని హృద్రోగంతో మరణించే ప్రమాదం మాత్రం, ఎంత బరువు పెరిగినప్పటికీ, పొగ మాననివారికంటె మానినవారిలోనే తక్కువగా ఉన్నది. ఈ రెండు విషయాలనూ అతనికి దాపరికం లేకుండా చెప్పాను. ఎనిమిది కిలోలు మంచివని నేననలేదు. అవి సిగరెట్టుకంటె చిన్న శత్రువులు, తరువాత తీరికగా పట్టవచ్చునన్నాను.

“చరకుడుకూడా ధూమపానం చెప్పాడట కదండీ?” అని అతడు చివరి అస్త్రం వేశాడు. ఈ ప్రశ్న నన్నడిగినవారు ఇప్పటికి నూరుమందైనా ఉంటారు. చరక సంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో ధూమపాన విధి ఉన్నది, నిజమే. అది సుగంధద్రవ్యాలతోను, ఓషధులతోను చేసిన వర్తిని, నియత కాలాలలో, కఫవాత రోగ నివారణకై సేవించే విధానం. అతిగా సేవిస్తే కలిగే ఉపద్రవాలనుకూడా అక్కడే చెప్పారు. ఆనాటికి ఈ దేశంలో పొగాకు మొక్కే లేదు. పోర్చుగీసువారి రాకతో వచ్చిన మొక్క అది. దానికి చరకుని సాక్ష్యం పిలవడం చెల్లదు.

అదే గ్రంథం ఏడవ అధ్యాయంలో వేరొక మాట ఉన్నది, అది మాత్రం ఇతనికి పనికివస్తుంది. అలవాటుపడిన అపథ్యాన్ని ఒక్కమారుగా విడువరాదు, నాలుగోవంతు చొప్పున తగ్గిస్తూ, ఆ ఖాళీలో పథ్యాన్ని నింపుతూ రావలెను. దీనిని పాదాంశిక క్రమం అంటారు. 20 నుండి 3కు దూకడంలో మనవాడు తప్పినది ఈ క్రమాన్నే. ఖాళీ అయిన చోటును చిప్సు పొట్లం నింపింది.

ఆ ఖాళీని వంటింటితో నింపడం

మొదటి మూడు నెలలు ఉపవాసాలు వద్దు. మూడు పూటలా వేళకు తినవలెను. బరువు వారానికి ఒకేసారి, ఉదయం కాలకృత్యాల తరువాత చూసుకోవలెను. బొడ్డు దగ్గర చుట్టుకొలతకూడా టేపుతో తీసి వ్రాసుకోవలెను. బరువు ఆగినా నడుము తగ్గుతున్నట్లయితే దారి సరియైనదే.

స్థూలునకు గురువై, అపతర్పణమైన ఆహారం ఇవ్వమని శాస్త్రం. అంటే కడుపు నిండినట్లుండవలెను, కాని మేదస్సు పెరగరాదు. యవలు, అంటే బార్లీ, ఇందుకు శ్రేష్ఠం. ఇంగ్లండులోనూ సులభంగా దొరుకుతుంది కనుక అతనికి ఉదయం బార్లీ జావ చెప్పాను. రెండు చెంచాల బార్లీ రవ్వను రెండు గ్లాసుల నీటిలో మెత్తగా ఉడికించి, చల్లారిన తరువాత పలుచని మజ్జిగ, సైంధవ లవణం, వేయించిన జీలకర్ర పొడి కలుపుకోవలెను. మధ్యాహ్నం అన్నం మానవద్దన్నాను. సగం చేసి, మిగతా సగం కూరతో నింపమన్నాను.

రాత్రికి వారంలో మూడు రోజులు ఉలవకట్టు. గుప్పెడు ఉలవలు ముందునాడు నానబెట్టి, ఉడికించి, ఆ నీటిని చింతపండు తక్కువగా వేసి, మిరియాలు, అల్లం, కరివేపాకుతో కాచుకోవలెను. పెళ్ళిళ్ళలో మీగడ ముద్ద వేసి వడ్డించే ఉలవచారు ఇందుకు పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు. అయినా చెబుతున్నాను, ఎందుకంటే నా మాట విని ఒక పెద్దమనిషి నెలరోజులు మీగడతోనే సేవించారు! ఉలవలు వేడిచేస్తాయి. అమ్లపిత్తం, రక్తమూలశంక ఉన్నవారు, గర్భిణులు వాడరాదు.

పొగ మానిన చాలామందికి మలబద్ధకం కలుగుతుంది. ఉదయం సిగరెట్టు లేనిదే విరేచనం కానివారెందరో ఉన్నారు. ఈ ఒక్క కారణంతో తిరిగి వెలిగించినవారినీ చూశాను. వీరు రాత్రి పడుకునే ముందు 3 గ్రాముల త్రిఫలా చూర్ణం గోరువెచ్చని నీటితో తీసుకొనవచ్చును. గర్భిణులు, నీళ్ళ విరేచనాలు ఉన్నవారు వాడరాదు. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడిగి వాడవలెను.

పొగ మీద కోరిక కెరటంవంటిది. సాధారణంగా ఐదు నిమిషాలలో అదే వెనుకకు పోతుంది. ఆ ఐదు నిమిషాలకు జేబులో చిన్న డబ్బా ఉంచుకోవలెను. ఎండబెట్టిన ఉసిరి ఒరుగులు, ఒక లవంగం, వేయించిన సోంపు అందులో వేసుకోవచ్చును. వక్కపొడి మాత్రం వద్దు. వక్కకూడా నోటి కాన్సరుకు హేతువే. భోజనానంతరం సిగరెట్టు వెలిగించే అలవాటున్నవారు చెయ్యి కడిగిన వెంటనే లేచి పది నిమిషాలు నడవవలెను. కుర్చీలో కూర్చుంటే ఓడిపోతారు. ఉదయం మరో అరగంట చురుకైన నడక.

బరువు తగ్గించే చూర్ణాలని తపాలాలో వచ్చేవాటి జోలికి పోవద్దు. సీసా మీద మూలికల పేర్లుండి లోపల వేరే మందులు కలిసిన సందర్భాలు ఉన్నాయి.

మరొక ముఖ్యమైన హెచ్చరిక. పొగ మానినవానికి బరువు పెరగడం సహజం. దానికి విరుద్ధంగా, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, మూడు వారాలకు మించిన దగ్గు, కఫంలో రక్తం, గొంతు బొంగురు కనబడితే మా కషాయాలతో కాలం వృథా చేయక వెంటనే ఊపిరితిత్తుల నిపుణుని వద్దకు వెళ్ళి పరీక్షలు చేయించుకొనవలెను. అతి దాహం, అతిమూత్రం ఉంటే రక్తంలో చక్కెర చూపించుకొనవలెను.

ఆ యువకుడు ఇంకొక పది రోజులు ఊళ్ళో ఉన్నాడు. వెళ్ళేముందు వచ్చి, బడ్డీకొట్టు వైపు వెళ్ళకుండా చెరువు గట్టు మీదుగా చుట్టు తిరిగి ఇంటికి వెళుతున్నానని చెప్పాడు. మంచిదే నాయనా, ఆ చుట్టుదారికూడా నడకలోనే లెక్క అన్నాను. ఉగాదినాడు ఇంగ్లండునుండి ఫోను చేశాడు. బరువు 75 దగ్గర ఆగిందట, నడుము మాత్రం అంగుళంన్నర తగ్గింది. సిగరెట్టు ముట్టలేదు. ఆ పరికరం ఇంకా సొరుగులోనే ఉన్నది, ఏ రాత్రైనా తట్టుకోలేకపోతే సిగరెట్టుకు పోకుండా దానినే తీస్తానన్నాడు. పారవేయమని నేనూ తొందరపెట్టలేదు. వాళ్ళమ్మగారు మాత్రం ఫోనులో బొమ్మ చూసి, బిడ్డ చిక్కిపోయాడని నా మీద కోపంగా ఉన్నారు.